నూటికి డెబ్బై ఒకటి

గౌరవనీయులైన మేడమ్‌కి,

నమస్కారం. నేను సందేహాలమ్మని. క్లాసులో ఆ పేరు ఎవరు పెట్టారో ఇప్పటికీ తెలియదు కానీ, ఇప్పుడు మా ఇంట్లో కూడా అదే ఖాయమైపోయింది. మెయిల్ పెట్టకుండా కాగితం మీద రాస్తున్నానేమిటని ఆశ్చర్యపోతారేమో. మెయిల్ అయితే మీరు రెండు క్లాసుల మధ్య చూసి ఒక్క ముక్కలో జవాబిచ్చేస్తారు. ఇది అలా తేలే విషయం కాదు.

విదేశంలో కంప్యూటర్ సైన్స్ చదవడానికి మూడు యూనివర్సిటీలకు దరఖాస్తు పెట్టానని మీకు తెలుసు. సిఫారసు ఉత్తరాలు రాసిన ముగ్గురిలో మీరు మొదటివారు. కళ్ళలో వత్తులు వేసుకుని ఎదురుచూసిన యూనివర్సిటీ నన్ను వద్దంది. ఎందుకో చెప్పరు. విచారిస్తున్నామని రెండు వాక్యాలు, అంతే. మిగతా రెండూ సీటిచ్చాయి. ఒకటి పేరు చెప్పగానే అందరూ తలెత్తి చూసే చోటు. ఒక్కో క్లాసులో మూడు వందల మంది. రెండోది ఎవరూ వినని చిన్న ఊళ్ళోది. విభాగమంతా కలిపి రెండంతస్తుల భవనం. కానీ అక్కడ నన్ను ఇంటర్వ్యూ చేసిన ప్రొఫెసరు నేరుగా తన ల్యాబ్‌లోకి తీసుకుంటానన్నారు.

బాబాయి ర్యాంకుల పట్టిక ప్రింటు తీసి ఫ్రిజ్ తలుపుకి అంటించాడు. "పేరు చూసి ఉద్యోగమిస్తారే, నీ మొహం చూసి కాదు" అంటాడు. అమ్మకి హాస్టల్ గదికి లోపల గడియ ఉంటుందా లేదా అన్నదొక్కటే బెంగ. నాన్న మాత్రం కుట్టుమిషను ఆపకుండా, "వేసుకునేది నువ్వు. ఎక్కడ బిగుతో ఎక్కడ వదులో నువ్వే చెప్పాలి" అన్నాడు. రెండు చోట్లా చదువుతున్నవాళ్ళకి రాశాను. పదకొండు మంది జవాబిచ్చారు. పెద్దచోట చదివే ఒకమ్మాయి, రెండేళ్ళలో ఒక్క ప్రొఫెసరుకీ తన పేరు తెలియలేదని రాసింది. అయినా ఉద్యోగం మాత్రం నెలలో వచ్చిందట.

మూడేళ్ళు మీ బల్ల పక్కన స్టూలు మీద కూర్చుని ప్రతి సందేహమూ తీర్చుకున్నాను. నెలాఖరులోగా ఏదో ఒకటి ఒప్పుకోవాలి. నా పని గురించి మీకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. నా గురించి నిజంగా ఏమనుకుంటున్నారో దాచకుండా రాయండి మేడమ్. దాన్ని బట్టే నేను తేల్చుకుంటాను.

మీ
సందేహాలమ్మ


నా స్టూలు మీద కూర్చునే పిల్లకు,

నీ ఉత్తరం వచ్చి నాలుగు రోజులైంది తల్లీ. రోజూ బ్యాగులో పెట్టుకుని కాలేజీకి తీసుకెళ్తున్నాను, రోజూ ఇంటికి తెస్తున్నాను. అందరూ అడిగినట్టు ఏది మంచిదని అడిగి ఊరుకుంటే అరపేజీలో రాసి పడేసేదాన్ని. నువ్వు దాచకుండా రాయమన్నావు. అక్కడే ఆగిపోయాను.

నీకు ఆకుల ప్రాజెక్టు గుర్తుండకుండా పోదు. మొక్క ఆకు ఫొటో చూపిస్తే దానికి ఏ రోగముందో చెప్పే ప్రోగ్రాము. మీ నలుగురూ ఏడు నెలలు కష్టపడ్డారు. నూటికి తొంభై ఏడు సార్లు సరిగ్గా చెబుతోందని తేలిన రోజు నేను ఆగలేకపోయాను. పరుగున వెళ్ళి ప్రిన్సిపాల్‌కి చెప్పాను. ఇరవై రెండేళ్ళుగా ఈ ల్యాబ్‌లో వైర్లు సర్దుతూ, పిల్లల రికార్డుల మీద సంతకాలు పెడుతూ ఉన్నదాన్ని. విభాగాధిపతి కుర్చీ ఖాళీ అవుతోంది. ఈసారైనా నా పేరు వినిపిస్తుందనుకున్నాను. నాకు ఆశ ఉంది తల్లీ, లేదని ఎందుకు బొంకాలి.

కాలేజీలో ప్రాజెక్టుల ప్రదర్శనకి మూడు రోజుల ముందు నువ్వు స్టూలు లాక్కుని కూర్చుని, "మేడమ్, ఒకే ఆకుని నాలుగు వైపులనుంచి ఫొటో తీశాం కదా. అందులో రెండు ప్రోగ్రాముకి నేర్పడానికి వాడాం, రెండు పరీక్షకి వాడాం. అది రోగాన్ని గుర్తుపట్టట్లేదు, ఆకుని గుర్తుపడుతోంది" అన్నావు. పిల్లలకి ముందే చెప్పేసిన ప్రశ్నలతో పరీక్ష పెట్టి మార్కులు చూసి మురిసిపోవడం లాంటిదే అది. నువ్వు చెప్పిన మరుక్షణం నాకు అర్థమైంది. అయినా "చూద్దాంలే, ముందు కార్యక్రమం కానీ" అన్నాను. చూడలేదు. చూస్తే తెలిసిపోతుందని చూడలేదు.

ప్రదర్శన రోజు హాలు నిండా అతిథులు. ప్రిన్సిపాల్ తొంభై ఏడు అని మైకులో రెండుసార్లు చెప్పారు. చప్పట్లు ఆగాక నువ్వు లేచి, "సర్, ఆ అంకె తప్పు. సరిచేసి చూస్తే డెబ్బై ఒకటే వచ్చింది" అన్నావు. మాట తడబడలేదు. అందరూ నావైపు చూశారు. నాకు తల కొట్టేసినట్టయింది. మీకు ముందే చెప్పానా లేదా అన్నట్టు నువ్వు కూడా ఒక్కసారి చూశావు. నేను "పిల్లలు కదా, కంగారు పడ్డారు" అన్నాను.

ఆ వారంలోనే మూడు యూనివర్సిటీల సిఫారసు ఫారాలు నాకొచ్చాయి. ఈ ఉత్తరం చూసే హక్కును విద్యార్థిని వదులుకుందని ప్రతి ఫారం పైనా ఉంది. నువ్వు ఎన్నటికీ చూడవన్న ధైర్యంతో రాశాను. నీ మార్కుల గురించి, నీ తెలివి గురించి బాగానే రాశాను. చివర్లో ఒక్క వాక్యం చేర్చాను. అది అబద్ధం కాదు. కానీ నీ మేలు కోరి రాసిన నిజం కాదు, కడుపుమంటతో రాసింది. ఆ వాక్యాన్ని మళ్ళీ ఇక్కడ రాయడానికి చెయ్యి రావడం లేదు. నకలు విడిగా కవరులో పెట్టి అంటించాను, చదువుకో. మూడు చోట్లకీ అదే ఉత్తరం వెళ్ళింది. మొదటిది చేజారిందంటే ఆ పాపం నాదే.

ఆ ప్రాజెక్టు పుస్తకం ఇప్పటికీ ల్యాబ్ గుమ్మం పక్క అద్దాల బీరువాలో మొదటి పేజీ తెరిచి పెట్టి ఉంది. అందులో తొంభై ఏడే ఉంది. తాళం నా దగ్గరే ఉంటుంది. అయినా నాకు తీయాలనిపించలేదు.

ఏ యూనివర్సిటీ అని అడిగావు. నీకు సలహా ఇచ్చే మొహం నాకు లేదు. నీ ఇష్టం వచ్చినట్టు నన్ను తిట్టుకో, కానీ జవాబు మాత్రం రాయి.

నీ
మేడమ్


మేడమ్‌కి,

మీ ఉత్తరం వంటగదిలో నిలబడి చదివాను. ఎవరిదని అమ్మ అడిగితే కాలేజీనుంచని చెప్పి గదిలోకి వెళ్ళి మళ్ళీ చదివాను. ఏడ్చాను. ఆ సంగతి మీకు తెలియాలి.

నేనూ ఒకటి ఒప్పుకోవాలి. మీరు రాసింది నాకు ముందే తెలుసు. చిన్న ఊరి ప్రొఫెసరు ఇంటర్వ్యూలో కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "నీతో పని చేయించడం కష్టమని, నీకు నమ్మకం కుదిరేదాకా ఎవరు చెప్పినా వినవని ఒకరు రాశారు. అలా ఎప్పుడు జరిగింది, చెప్పు" అన్నారు. ఎవరు రాశారో ఆయన చెప్పలేదు. కానీ సిఫారసు రాసిన మిగతా ఇద్దరూ నాకు పాఠాలు చెప్పారు తప్ప ఎన్నడూ పని చేయించలేదు. అది మీరేనని అర్థమైంది. అయినా అడిగారు కాబట్టి ఆకుల సంగతంతా చెప్పాను. ఆయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నారు. తరవాత, "పోయినేడు మా ల్యాబ్‌లో ఇలాంటి తప్పే దొరికి ఆరు నెలల పని పారేశాం. కనిపెట్టిన కుర్రాడి మీద అందరికంటే ఎక్కువ కోపం వచ్చింది నాకే. నువ్వు రా" అన్నారు.

అంటే నేను మొదటి ఉత్తరం రాసేటప్పటికే నాకంతా తెలుసు. సలహా కోసం కాదు, మీరు చెబుతారా లేదా అని చూద్దామనే రాశాను. మీరు పేరు గొప్పదానికే వెళ్ళమని నాలుగు తియ్యటి మాటలు రాసి ఉంటే, ఆ కోపంతో, ఏ ప్రొఫెసరుకీ నా పేరు తెలియని చోటే నయమని నిజంగానే అక్కడికి వెళ్ళిపోయేదాన్ని. మూడేళ్ళు చదువు చెప్పినావిడకి దొంగచాటుగా పరీక్ష పెట్టాను. అది నా తప్పు.

మొదటిది మీ వల్లే పోయిందని రాశారు. అది మీకూ తెలియదు, నాకూ తెలియదు. ఒక్క ఫలితం చూసి కారణం తేల్చకూడదని రెండో ఏడు మొదటి క్లాసులో చెప్పింది మీరే. అలాగని నా కోపం పోయిందని అనుకోకండి. మీరు రాసిన వాక్యం కంటే, హాల్లో "పిల్లలు కదా" అన్న మాటే నాకు ఎక్కువ తగిలింది.

కవరు అలాగే తిరిగి పంపుతున్నాను. విప్పలేదు. చూడనని దరఖాస్తులో సంతకం పెట్టాను కదా.

చిన్న ఊరికే వెళ్తున్నాను. నిన్న ఒప్పుకుంటూ రాసేశాను. బాబాయి ఫ్రిజ్ మీద పట్టిక పీకేసి రెండు రోజులుగా నాతో ముభావంగా ఉన్నాడు. నాన్న మాత్రం "వదులుగా ఉండదుగా" అని అడిగి ఊరుకున్నాడు. ప్రయాణానికి ముందు సర్టిఫికెట్ల కోసం కాలేజీకి రావాలి. వచ్చినప్పుడు ముందు అద్దాల బీరువా దగ్గర ఆగుతాను. లోపల ఇంకా తొంభై ఏడే ఉంటే, గుమ్మంలోనుంచే నమస్కారం పెట్టి వెళ్ళిపోతాను.

మీ విద్యార్థిని


తల్లీ,

బీరువా తాళం తీయడానికి ఇంతసేపు పడుతుందనుకోలేదు. తుప్పు పట్టింది. అటెండరు వచ్చి నూనె వేస్తే గానీ తిరగలేదు. తొంభై ఏడు ఎన్నిచోట్ల ఉందో పుస్తకమంతా వెతికాను. పదమూడు చోట్ల ఉంది. పదమూడూ కొట్టేసి పక్కన డెబ్బై ఒకటి రాసి సంతకం పెట్టాను. మొదటి పేజీలో ఈ తప్పు కనిపెట్టిందెవరో, చెప్పినా వినిపించుకోనిదెవరో కూడా రాశాను.

సోమవారం సమావేశంలో ప్రిన్సిపాల్ ముందు లేచి అదే చెప్పాను. కుర్చీ ఇంకొకరికి వెళ్తుందని మర్నాడే తెలిసింది. బాధపడ్డాను, కాదనను. ఆ రాత్రి మాత్రం నిద్ర పట్టింది.

నువ్వు తిప్పి పంపిన కవరు చింపేశాను. ఈ ఏడు పిల్లలకి రాసే సిఫారసు ఉత్తరాలు ముందు వాళ్ళకి చదివి వినిపించి, ఆ తరవాతే పంపుతున్నాను.

నీ చదువు అయిపోయి వెళ్ళాక నీ స్టూలు ఎవరో మూడో ల్యాబ్‌లోకి తీసుకుపోయారు. వెళ్ళి వెనక్కి తెచ్చుకున్నాను. నా బల్ల పక్కనే ఉంది.

నీ
మేడమ్