పక్క గదిలో ఆమెన్

జూలై 9, గురువారం. హిందూపురం.

సెలవు దొరికింది! మూడేళ్ళుగా అనుకుంటున్నది — పెనుకొండ ధ్యాన మందిరంలో మూడు రోజుల మౌనం. ఇక్కడ బడి, స్త్రీల సమాజం, ఆదివారం పిల్లల పాఠాలు... ఎవరింట్లో ప్రార్థన పెట్టుకున్నా పాట ఎత్తుకోవాల్సింది నేనే. అన్నీ దేవుడి పనులే. ఆయనతో రెండు మాటలు మాట్లాడే తీరిక మాత్రం లేదు.

అత్తమ్మను చూసుకోవడానికి ధర్మవరం నుంచి ఆడపడుచు సుగుణ వచ్చింది. మా ఆయనకు ఒకటే నవ్వు — "మూడు దినాలు నోరు మూసుకోని ఉంటావా నువ్వు? చూద్దాంలే!"

అత్తమ్మకు చెప్పా. పక్షవాతంతో ఒక పక్కా, నోరూ పడిపోయి రెండేళ్ళు. కళ్ళతోనే సరే అంది.

జూలై 10, శుక్రవారం. పెనుకొండ.

రాగానే సిస్టరమ్మ ఫోన్ తీసుకుని బీరువాలో పెట్టేసింది. "డైరీ రాసుకోమ్మా. మాట మాత్రం వద్దు."

ఆషాఢం గాలి. కిటికీ రెక్కలు కొట్టుకుంటున్నాయి. ఈ గదుల వరసలో నేనొక్కదాన్నే. పక్క గదికి బయట తాళం.

సాయంత్రం మనసులోనే ప్రార్థన చేసుకున్నా. పెదవి కూడా కదపలేదు. ముగించగానే గోడవతల ఎవరో "ఆమెన్" అన్నారు. ముసలి గొంతు. మెల్లగా.

గాలి అయ్యుంటుంది.

జూలై 11, శనివారం.

గాలి కాదు.

పొద్దున మూడుసార్లు ప్రార్థన చేసి చూశా. ముగించిన ప్రతిసారీ వినబడింది. నాలుగోసారి సగంలో ఆపేశా — ఏమీ లేదు. పరీక్షించడం పాపమేమో... సిస్టరమ్మకు చీటీ రాసిచ్చా: పక్క గదిలో ఎవరున్నారు? ఆమె తాళం తీసి చూపించింది. చుట్టిపెట్టిన పరుపులు, దుమ్ము. నా ముఖంలోకి ఒకసారి చూసి మళ్ళీ తాళం వేసింది.

మధ్యాహ్నం మూడు దాటింది. రాయాలా వద్దా... రాస్తా. ఎవరు చదువుతారు గనక.

మోకాళ్ళ మీద ఉన్నా. మనసు దానంతటదే అనేసింది — ప్రభువా, అత్తమ్మను తీసుకుపో. నావల్ల కావడం లేదు. ఆ గుడ్డలు, ఆ పుండ్లు, ఆ వాసన. తీసుకుపో.

అయ్యో, ఏమన్నాను అనుకునే లోపే —

"ఆమెన్."

ఇంత గట్టిగా ఎప్పుడూ అనలేదు. కాదు, కాదు, అది లెక్కలోకి తీసుకోవద్దు అని లోపల ఎంత మొత్తుకున్నా గోడవతల చప్పుడు లేదు.

జూలై 12, ఆదివారం.

సాయంత్రం దాకా ఉండాలి. ఉండలేకపోయా. పొద్దున్నే ఫోన్ అడిగి తీసుకుని గేటు దగ్గరే ఆన్ చేశా. అన్నీ సుగుణ కాల్సే. అయిపోయింది, అత్తమ్మ పోయింది అనుకున్నా.

తిరిగి చేస్తే అవతల ఏడుపు. "వదినా! యాడుండావు? అమ్మ మాట్లాడింది వదినా!"

ఏమందని అడిగా.

"ఆమెన్ అనింది! శుక్రారం సాయంత్రం ఒక తూరి. నేను నమ్మలే. నిన్న పొద్దున మూడు తూర్లు. మద్యాన్నం మూడింటికైతే ఈదిలోకి ఇనపడేటట్టు అనింది! అంతా నీ ప్రార్థనే వదినా, నీ ప్రార్థనే!"

బస్సులో ఏడ్చా. పక్కనున్నామె నీళ్ళ సీసా ఇచ్చింది.

జూలై 13, సోమవారం. హిందూపురం.

ఇంటికి వచ్చేవాళ్ళు, పోయేవాళ్ళు. అత్తమ్మ ఇంకేమీ అనడం లేదు. నేను ఎటు తిరిగితే అటే చూస్తోంది.

పాస్టరయ్య ఫోన్. వచ్చే ఆదివారం గుడిలో నేను సాక్ష్యం చెప్పాలట. "దేవుడు చేసిన మేలు దాచిపెట్టగూడదమ్మా." మా ఆయన అప్పుడే ఊరంతా చెప్పేశాడు. ఆయన సంతోషం చూడలేకపోతున్నా.

జూలై 15, బుధవారం.

లేచి నిలబడి ఏమని చెప్పను? అత్తమ్మ చావు అడిగాననా?

జూలై 16, గురువారం.

సుగుణ ధర్మవరం వెళ్ళిపోయింది. ఆయన డ్యూటీకి. బడికి సెలవు పెట్టా. ఇంట్లో అత్తమ్మా, నేనూ.

ఒళ్ళు తుడిచి, దుప్పటి మార్చి, మంచం పక్కన మోకరించా. ఈసారి నోరు తెరిచే అన్నా — "ప్రభువా, ఆ రోజు నేనడిగింది ఇవ్వొద్దు. అత్తమ్మను మాకే ఉంచు. నన్ను క్షమించు."

ఆగి, ఆమె నోటివైపు చూశా.

అంతా వింది. పెదవులు కదిలాయి... గట్టిగా బిగించేసింది. మళ్ళీ అడిగా. మళ్ళీ. "అను అత్తమ్మా, ఒక్కసారి అను."

మంచి చేత్తో వెతికి నా చెయ్యి పట్టుకుంది. ఉంచు అన్న మాటకు తల అటూ ఇటూ ఊపింది. వద్దు. ఆ కళ్ళల్లో నా మీద కోపమేమీ లేదు. అదే భయంగా ఉంది.

గంట అయింది. వదలడం లేదు. ఆ రోజులాగే మూడు దాటుతోంది. కుడి చెయ్యి ఆమె దగ్గరే ఉంది, ఇది ఎడమ చేత్తో రాస్తున్నా —