ఈ మందు ఎవరు తాగుతారు?

రాజమహేంద్రవరం, 9 ఆగస్టు 1897

అమ్మా, కులాసాగా ఉన్నాను. కార్డు వచ్చిందని కంగారుపడకు, సంతోషం పట్టలేక రాస్తున్నాను.

నిన్న ఆస్పత్రి మందుల గదికి లోవలక్ష్మి అనే చేపలమ్మే ఆమె డాక్టరు దొరసానిగారు రాసిన దగ్గుమందు చీటీతో వచ్చింది. మందు కలిపి, సీసాకు మోతాదు తెలిసేలా గాట్లు కోసిన కాగితం అంటించి, "పూటకో గాటు తాగు" అని ఇచ్చాను.

"ఉగ్గుగిన్నెతో పట్టొచ్చాండి?" అంది.

చటుక్కున సీసా లాక్కున్నాను. దగ్గు పది నెలల బిడ్డకట! గాలి తగులుతుందని బిడ్డను పడవలోనే ఉంచి, రోగిని చూడందే మందివ్వరని దగ్గు తనకేనని చెప్పిందట. ఆ మందులో నల్లమందు ఉందమ్మా, పసిబిడ్డకు పడితే ప్రాణానికే ముప్పు!

పెద్ద కాంపౌండరుగారు, "చీటీలో ఉన్నది ఇవ్వడమే మన పని. దొరసానిగారికంటే నీకెక్కువ తెలుసేంటి?" అని కసిరారు. నేను వినకుండా సీసాతో డాక్టరు దొరసానిగారి దగ్గరికే వెళ్లాను. ఆవిడ బిడ్డను తెప్పించి, చూసి, వేరే మందు రాశారు. ఇకమీదట "ఈ మందు ఎవరు తాగుతారు?" అని అడగందే సీసా ఇవ్వకూడదట. ఆ మాట గోడమీద నా చేతే రాయించారు!

ఇంతవరకు రాశాక గుర్తొచ్చింది. నువ్వు దగ్గుమందు పంపమంటే నీకే అనుకుని వెంకన్న బాబాయితో పంపాను. అదీ ఈ మందే. నేనూ అడగలేదు. దగ్గు అక్క చంటిదానికైతే చుక్క కూడా పట్టకు. వెంటనే జవాబు రాయించు.

నాన్నగారికి నమస్కారాలు. చదివిపెడుతున్న పంతులుగారూ, మందు సంగతి అమ్మకు రెండుసార్లు వినిపించండి.

నీ కూతురు,
రత్నమాణిక్యం