పసుపు పట్టిన రాళ్ళు

చిట్టితల్లికి నాన్న దీవెనలు.

మేమిద్దరం బాగానే ఉన్నాం. బాగానే అంటే, మీ అమ్మ తిడుతూనే ఉంది, నేను తింటూనే ఉన్నాను. నువ్వూ వేళకి తింటున్నావనుకుంటాను.

చేతి వణుకు తగ్గిందా అని అడిగావు. ఈ అక్షరాలు చూస్తే నీకే తెలుస్తుంది. డాక్టరు మందు మార్చాడు, వణుకు మాత్రం మారలేదు. అమ్మ మోకాళ్ళు ఎండ కాస్తే మాట వింటాయి, మబ్బు పడితే వినవు.

సమాధి రాళ్ళ మీద పసుపు పట్టిందని పోయిన ఉత్తరంలో రాస్తే, ఎవరు పూశారని అడిగావు. ఎవరూ పూయలేదమ్మా. కోడిగుడ్డు పచ్చసొన రంగులో, అంచులు చిన్న చిన్న ఆకుల్లా లేచి, రాతిని అంటుకుని పెరుగుతుంది. దాన్ని లైకెన్ అంటారని, పొద్దున్నే అటు నడకకు వచ్చే సైన్సు మాస్టారు చెప్పాడు.

"అది ఒక ప్రాణి కాదు మేస్త్రీ, రెండు. బూజు ఇల్లు కడుతుంది, లోపల పాచి వంట చేస్తుంది" అన్నాడు.

"మా ఇంట్లోనూ అంతే కదండీ!"

"వాళ్ళు పోట్లాడుకోరయ్యా" అన్నాడు.

ఎండ తగిలే చోట బంగారంలా ఉంటుంది. ఆ రంగే దానికి గొడుగట. నీడలో పెరిగితే బూడిదరంగుకి పాలిపోతుంది. ఏడాదికి బియ్యపుగింజ మందం పెరిగితే గొప్ప. బూజు విడిచే పొడి గాలికి ఎగిరి ఎక్కడో పడుతుంది. అక్కడ సరిపడే పాచి దొరక్కపోతే ఇక అంతే. "ఎన్నింటికి దొరుకుతుందండీ?" అని అడిగాను. మాస్టారు మాట మార్చాడు.

పిట్టల రెట్ట పడేచోట ఏపుగా పెరుగుతుందట. నీ పాపకి పిట్టలిష్టమని, దాని రాయి మీద రోజూ గింజలు చల్లమన్నావు. పదకొండేళ్ళు చల్లాను. నీ తప్పని కాదు తల్లీ. చుట్టుపక్కల రాళ్ళకంటే మన పాప రాయే ముందు పసుపెక్కింది, పేరంతా దానికింద మునిగిపోయింది.

ఇక మిగిలింది ఒక్కటే. నేను పంపిన అచ్చులో అక్షరాల కింద అడ్డగీతలేమిటి, రాయి పగిలిందా అని అడిగావు. దానికి జవాబు రాయలేకే ఇంతసేపూ డొంకతిరుగుడు.

రాయి మీద కాగితం పరిచి, బొగ్గుతో రుద్ది, పాప పేరు అచ్చు తీసి పంపమన్నావు కదా. అచ్చు పడాలంటే పసుపు పోవాలి. ఇనుప బ్రష్ పట్టాను. మెత్తరాయికి అది తగిలించకూడదని నలభై ఏళ్ళుగా అందరికీ చెప్పినవాణ్ణి నేనే. నీళ్ళతో నానబెట్టి, చెక్కపుల్లతో ఓపిగ్గా గీకాలి. ఆ ఓపిక నాకు లేకపోయింది. పసుపుతోపాటు రాతి పైపొర కూడా పిండిలా రాలింది, పేరుతో సహా. ఆ పేరు మొదట్నించీ లోతుగా లేదమ్మా. చెక్కిన రోజున నా మనవరాలి పేరు మీద సుత్తి దెబ్బ వేయడానికి చేయి రాలేదు.

నీకు పంపిన అచ్చు ఆ రాయిది కాదు. నేను రాళ్ళు చెక్కే అద్దె షెడ్డులో, ఉలులు నూరుకునే బండ మీద పాప పేరు మళ్ళీ చెక్కి, దాన్నించి తీశాను. ఆ గీతలు ఉలి నూరిన గీతలు. ఆ బండనే తీసుకెళ్ళి నిలబెడదామనుకున్నాను. ఈ వణుకు ముదిరి వారం ఆసుపత్రిలో ఉన్నాను, నీకు రాయలేదు. వచ్చేసరికి షెడ్డు ఓనరు అంతా కూలగొట్టించి, ఆ బండతో సహా ఉన్న రాళ్ళన్నీ పగలగొట్టించి పునాదిలో పోయించాడు. మళ్ళీ చెక్కే చేయి ఇక లేదు.

ఆ కాగితం మంచం పక్క గోడకి అంటించుకుని రోజూ వేలితో దిద్దుకుంటున్నానని రాశావు. మీ అమ్మ చదివి ఏడ్చింది. దానికీ నిజం తెలియదు. పాప పేరు ఇప్పుడు నీ గోడ మీద తప్ప ఎక్కడా లేదు.

రాయి నిలబెట్టకముందే వెళ్ళిపోయినదానివి, వచ్చే నెల వస్తాను, ఆ పేరు మీద చెయ్యి పెట్టాలి అంటున్నావు. రావద్దనే హక్కు నాకు లేదు, నీకు ఎదురుపడే మొహమూ లేదు. నేను వెంట రాలేకపోతే గేటు దాటి మూడో వరసలోకి వెళ్ళు. అన్ని రాళ్ళూ పసుపెక్కి ఉంటాయి. ఒక్కటి మాత్రం బోడిగా, తెల్లగా ఉంటుంది. అదే మన పాపది.

ఇట్లు,
నీ నాన్న