చిక్కుడు పండుగ కాకముందే

నవంబరు 2006, గురువారం

ఈరోజు మా గూడెం బడికి వంటామె రాలేదు. మధ్యాహ్న భోజనం నేనే వండాను. మా పెరట్లో తొలికాపు చిక్కుడుకాయలు కోసి కూర చేస్తే, పిల్లలు ఒక్కరూ ముట్టలేదు. ఉత్త అన్నమే తిన్నారు. మారాం చేస్తున్నారనుకుని గద్దించాను కూడా. మూడో తరగతి లచ్చిమి మెల్లగా అంది: "చిక్కుడు పండుగ కాలే టీచర్. దేవతకు పెట్టకముందు మేం తినం."

నా బి.ఇడి. పుస్తకాల్లో ఈ ముక్క ఎక్కడా లేదు. ఏ ఊరి పిల్లలకు ఏ పాఠం ఎప్పుడు చెప్పాలో అసలు ఎవరు తేలుస్తారు? అది తేల్చే మాటలు నడిచే గదిలో ఓ మూల కూర్చోవాలని ఎంత ఆశో నాకు. ఎం.ఇడి.లో అదే చదువుతారట.

సాయంత్రం రోడ్డు మీది ఎస్టీడీ బూతుకు పోయి, నాతో బి.ఇడి. చదివిన సరళకు ఫోన్ చేసి ఎం.ఇడి. సంగతి అడిగాను.

"దూరవిద్యలో ఫీజు కట్టెయ్యవే. సెలవుల్లోనే క్లాసులుంటయి, నౌకరీకి ఢోకా ఉండదు" అంది.

నిజమే. కానీ నాకు కావాల్సింది పోస్టులో వచ్చే పుస్తకాలు కాదు, ఎదురు కూర్చుని వాదించే మనుషులు. దానికి వరంగల్‌లో ఏడాది ఉండాలి. ఈ బడికి టీచర్ని నేనొక్కదాన్నే. నేను కదిలితే తాళం పడుతుంది.

అంతకుముందు బడి వదిలేటప్పుడు లచ్చిమిని అడిగాను, పండుగెప్పుడని.

"పెద్దోళ్ళు చెప్తరు టీచర్. గప్పటిదాంక ఆగాలె."

ఇక వెళ్ళొచ్చని నాకు చెప్పే పెద్దవాళ్ళెవరో. పెరట్లో కాయలు మాత్రం ముదిరిపోతున్నాయి.