వద్దంటే తీసేసిన పళ్ళెం

ఇర్వింగ్, టెక్సస్,
బుధవారం మధ్యాహ్నం

నా బంగారు నిధికి,

ఇక్కడ నేనూ, మీ నాన్నా, మన కర్రీ పాయింటూ, మూలిగి మూలిగి మళ్ళీ కోలుకున్న పెద్ద ఫ్రీజరూ అందరం క్షేమం. నువ్వు మాత్రం క్షేమమని రాయలేదు. "అమ్మా, వచ్చేస్తాను" అని రాశావు. శుక్రవారంలోగా కాలేజీవాళ్ళకి చెప్పాలన్నావు. చెబితే ఈ సెమిస్టర్ పోతుందని కూడా నువ్వే రాశావు. దానికి నా జవాబు ఈ ఉత్తరంలోనే ఉంది, కానీ చివర్లో. మధ్యలోవి వదిలేసి అక్కడికి దూకావంటే ఊరుకోను.

తెలుగులోనే రాయమన్నావు. ఇంగ్లీషులో రాస్తే కస్టమర్‌కి మెసేజ్ పెట్టినట్టుంటుందన్నావు. సరే. సండే క్లాసులో నేర్చుకున్న తెలుగు ఎంత మిగిలిందో చూద్దాం. రానిచోట ఫోన్ చేత చదివించుకో. లంచ్ రష్ అయిపోయింది, సాయంత్రం బ్యాచిలర్ కుర్రాళ్ళు వచ్చేలోపు టైప్ చేసెయ్యాలి. తప్పులుంటే సర్దుకో.

ముందు నువ్వడిగినవి చెప్తాను.

స్పెయిన్‌లో నువ్వుంటున్న ఇంటావిడ పిలార్ గారు సోమవారం సోమవారం వండే ఆ లెంటిల్స్ మన పప్పులాగే ఉంటాయి కానీ ఏదో లేదు, ఏంటది అని అడిగావు. తాలింపు తల్లీ! ఇంకేముంటుంది. నాలుగు ఆవాలు, జీలకర్ర, ఒక ఎండుమిరపకాయ, రెండు వెల్లుల్లి రేకలు. అక్కడ ఆలివ్ నూనె తప్ప ఇంకోటి వాడరన్నావు కదా, అందులోనే వెయ్యి. కాకపోతే ముందు కిటికీ తియ్యి, ఆవిడకి చెప్పి మరీ వెయ్యి. చెప్పకుండా వేశావంటే పాపం ఇల్లు తగలబడుతోందనుకుంటారు. ఇంకో సంగతి. నీకోసం మాంసం వెయ్యకుండా వేరే గిన్నెలో వండుతారని నువ్వే రాశావు. ఆ వేరే గిన్నె సంగతి నాకు చాలాసేపు బుర్రలోంచి పోలేదు. ఎందుకో తర్వాత చెప్తాను.

టోర్టియా అడిగితే కోడిగుడ్డు, బంగాళాదుంప వేసిన మందపాటి అట్టు పెట్టారని ఆశ్చర్యపోయావు. లూపేకి చెప్పాను. మన వంటింట్లో పదేళ్ళుగా రోజూ మెక్సికో టోర్టియాలు, అదే మొక్కజొన్న రొట్టెలు, కాల్చుకు తినే మనిషి కదా, నడుం మీద చెయ్యి పెట్టుకుని, "వాళ్ళు మాకు భాష ఇచ్చారు, వంట ఇవ్వలేదు, అదే నయం" అంది.

మధ్యాహ్నం రెండింటికి కొట్లన్నీ మూసేసి, ఇంటికెళ్ళి తిని, పడుకుని, మళ్ళీ అయిదింటికి తెరుస్తారా! పెన్సిల్ కొనుక్కోడానికి వెళ్ళి తలుపు ముందు నిలబడ్డావని నువ్వు తిట్టుకుంటూ రాశావు. నేను చదివి మీ నాన్నకి వినిపించాను. "చూశారా, అక్కడి షాపువాళ్ళకి కూడా నడుం ఉంటుంది" అన్నాను. "నువ్వు మూస్తే ఆ మూడు గంటలూ కూర్చుని ఫోన్‌లో ఆర్డర్లు తీసుకుంటావు" అన్నారు. నిజమే అనుకో.

బట్టలు డ్రైయర్‌లో కాకుండా కిటికీ బయట తీగ మీద ఆరేస్తారు, కింద వీధిలో పోయేవాళ్ళకి నా టీషర్టులు కనపడుతున్నాయి, సిగ్గేస్తోంది అన్నావు. తెనాలిలో మా మేడ మీద ఊరంతటికీ కనపడేవి. ఎవరూ చూడరు. ఎండలో ఆరిన దుప్పటి వాసన ఒకసారి చూడు, అమెరికాలో నీకు దొరకనిది అదొక్కటే.

రాత్రి పదింటికి భోజనమేంటి అన్నావు. మన కొట్టు కట్టేసి, గిన్నెలు కడిగి, ఇంటికొచ్చి మనం తినేది ఎన్నింటికమ్మా? నువ్వు పుట్టినప్పట్నుంచీ స్పెయిన్ టైమ్‌లోనే తింటున్నావు.

కారు లేకుండా ఎక్కడికైనా నడిచి వెళ్ళడం, చలిలో కూడా ముసలాళ్ళు మనవల్ని వేసుకుని చౌరస్తాలో కబుర్లు చెప్పుకోవడం, ఎదురుపడితే రెండు బుగ్గలకీ ముద్దు పెట్టడం, ఇవన్నీ బావున్నాయని రాశావు. ఊరు నచ్చింది. చదువు నచ్చింది. మరి దేనికి వచ్చేస్తానంటున్నావు? ఉత్తరం మళ్ళీ మొదట్నుంచీ చదివితే దొరికింది.

"అమ్మా, ఆవిడకి నేనంటే ఇష్టం లేదు. ఇంకొంచెం కావాలా అని పేరుకి ఒకసారి అడుగుతుంది. వద్దు అనగానే పళ్ళెం తీసేస్తుంది. రాత్రి ఆకలేస్తుంది. నువ్విచ్చిన కందిపొడి బ్రెడ్‌కి రాసుకుని రూమ్‌లో తింటున్నాను. ప్లీజ్, ఆవిడకి కాల్ చెయ్యకు."

ఆ "వద్దు అనగానే" దగ్గర ఆగిపోయాను. కౌంటర్‌లో మనిషి గోంగూర మటన్ అడుగుతుంటే పాలకూర పప్పు ఇచ్చి పంపాను. పాపం తీసుకెళ్ళిపోయాడు కూడా.

నీకు గుర్తుందా, కొప్పెల్‌లో లీలావతి ఆంటీ వాళ్ళింటికి మొదటిసారి వెళ్ళిన రోజు? నువ్వు కిండర్‌గార్టెన్. దారిలో కార్లో నీకు క్లాసు పీకాను. "ఆంటీ పెట్టగానే లాక్కోకు. మొదటిసారి వద్దండీ అను. రెండోసారి కూడా అను. మూడోసారి అడిగితే, కొంచెం చాలాంటీ అని పళ్ళెం జాపు" అన్నాను. నువ్వు వేళ్ళు లెక్కపెట్టుకుంటూ వెళ్ళావు. ఆవిడ గులాబ్ జామూన్ తెచ్చింది. ఒకసారి అడిగింది, వద్దన్నావు. రెండోసారి అడిగింది, వద్దన్నావు. అంతలో ఆవిడకి ఇండియా నుంచి ఫోనొచ్చి గిన్నె పట్టుకుని లోపలికెళ్ళిపోయింది. తిరిగొచ్చేటప్పుడు కారెక్కగానే భోరున ఏడ్చావు. "అమ్మా, షీ ఫర్‌గాట్ ది థర్డ్ టైమ్!" ఆ మాట చెప్పుకుని మనం ఎన్నేళ్ళు నవ్వామో.

స్నేహితుల దగ్గర పిజ్జా పెట్టె తెరవకముందే చెయ్యి పెట్టే పిల్లవి. డెబ్భయ్యేళ్ళ మనిషి గరిట పట్టుకుని ఎదురుగా నిలబడేసరికి నీకు లీలావతి ఆంటీ కనపడింది. మర్యాదగా వద్దన్నావు. రెండోసారి కోసం చూశావు. అది రాలేదు. అవునా, కాదా?

ఇప్పుడు అసలు సంగతి చెప్పాలి. ఇంతసేపూ కబుర్లు చెప్పింది దీనికే. కోపం తెచ్చుకోకు. నువ్వు వద్దన్నా నేను పిలార్ గారికి ఫోన్ చేశాను. ఇవాళ పొద్దున్నే, కూరలు పొయ్యి మీదుండగానే. కాలేజీవాళ్ళిచ్చిన ఎమర్జెన్సీ నంబరే. అది ఎమర్జెన్సీ కాదంటావు. కన్నబిడ్డ ఆకలి అనే మాట రాశాక నాకు ఇంకేది ఎమర్జెన్సీ?

నా స్పానిష్ నీకు తెలుసుగా, ఉల్లిపాయలు తరుగు, మంట తగ్గించు, రేపు తొందరగా రా, అంతే. పక్కన లూపేని నిలబెట్టుకున్నాను. పిలార్ గారు ఫోనెత్తగానే నేను గట్టిగా, "సెన్యోరా, నేను నిధి వాళ్ళమ్మని" అని అరిచాను. లూపే నా మోచెయ్యి గిల్లి, "సెన్యోరా రాధా, ఆవిడ చెవిటిది కాదు, స్పెయిన్‌లో ఉంది" అంది.

తర్వాతదంతా నీకు తెలుగులో చెప్తాను.

ఆవిడ, "మీరు ఫోన్ చెయ్యడం మంచిదైంది. నేనే కాలేజీకి చెబుదామనుకుంటున్నాను, అమ్మాయిని వేరే ఇంటికి మార్చమని" అన్నారు.

"ఏం తప్పు చేసిందండీ?" అన్నాను.

"తప్పేం చెయ్యలేదు. బంగారం. తిన్న పళ్ళెం తనే కడుగుతుంది. కానీ నా వంట తినదు. రోజూ అడుగుతాను, రోజూ వద్దంటుంది. వేరే గిన్నె పెట్టాను, ఉప్పు తగ్గించాను, మిరపపొడి కొనుక్కొచ్చాను. అయినా వద్దే. పైగా రూమ్ ఊడుస్తుంటే చూశాను, ఏదో ఎర్రటి పొడి. ఒక్కతే కూర్చుని బ్రెడ్‌తో అదే తింటోంది. నా చేతి వంట కంటే పొడి నయమనిపించిందంటే, ఆ పిల్లని నా ఇంట్లో ఉంచుకుని మాడ్చడం పాపం కదా?"

నాకు నవ్వొచ్చింది నిధీ. కళ్ళల్లో నీళ్ళు కూడా వచ్చాయి. నీ కడుపు మాడకూడదని నేను దంచి పంపిన పొడే ఆవిడ మనసు విరిచింది.

"నవ్వుతున్నారా?" అన్నారావిడ. గొంతు మారింది.

"కాదండీ, కాదండీ" అని లూపేకి చెప్పాను, లూపే ఆవిడకి చెప్పింది. మా దగ్గర మొదటి వద్దుకి అర్థం వద్దని కాదు, అది మర్యాద. పెద్దవాళ్ళు మళ్ళీ అడగాలి. అడిగితే మళ్ళీ వద్దంటాం. మూడోసారి తింటాం.

"మరి నిజంగా వద్దనుకుంటే ఏమంటారు?" అన్నారు ఆవిడ.

లూపే వైపు చూశాను. లూపే భుజాలెగరేసింది.

"చిన్నప్పుడు మా అత్తయ్య బలవంతంగా కూరి కూరి పెట్టేది" అన్నారు ఆవిడ. "అందుకే నా ఇంట్లో ఎవరినీ రెండోసారి అడగకూడదనుకున్నాను. వద్దన్న మనిషి మాటకి విలువివ్వాలి కదా. నేనేదో గౌరవిస్తున్నాననుకున్నాను."

"ఆవిడకి నేనంటే ఇష్టం లేదు" అని నువ్వు రాసింది, నీకోసం వేరే గిన్నె పెట్టిన ఈ మనిషి గురించేనమ్మా.

"మరి ఎన్నిసార్లు అడగాలి?"

"మూడు."

"మూడోసారీ వద్దంటే?"

"అప్పుడు అడక్కుండా వడ్డించెయ్యండి" అన్నాను. లూపే మధ్యలో దూరి, "మా అమ్మమ్మ మొదట్నుంచీ అంతే, అసలు అడిగేదే కాదు" అంది. ముగ్గురం నవ్వుకున్నాం. అడుగున చిక్కుడుకాయ కూర కొంచెం అంటుకుంది. పర్లేదు, మీ నాన్నకి ఉంచాను, ఆయనకి ఆ మాడు ఇష్టం.

నిన్ను మార్చమని ఆవిడ ఇప్పుడు చెప్పరు. నువ్వు ఉంటానంటేనే ఉంచుకుంటానన్నారు. కాబట్టి నువ్వు చెయ్యాల్సిందల్లా, రేపు గరిట చూపించగానే నోరు తెరిచి "సీ", అంటే అవును, అనడం. అంతే. కడుపులో ఉన్న మాట మొదటిసారే పైకి చెప్పెయ్. ఆవిడ ఇంకో రెండుసార్లు అడుగుతారేమో, నా మాట విని. అడిగితే అప్పుడూ "సీ" అను. మూడు గరిటలు. ఇన్నాళ్ళ బాకీ తీరుతుంది. కందిపొడి డబ్బా రూమ్‌లోంచి తీసుకొచ్చి బల్ల మీద పెట్టు, ఆవిడకి కూడా వెయ్యి. ముందు చిటికెడే.

ఇక నువ్వడిగిన దానికి జవాబు.

మీ నాన్న రాత్రే టికెట్ చూసి సీటు పట్టి ఉంచారు. శుక్రవారం దాకా అది నీదే. నీ గది అలాగే ఉంది. నీ మంచం మీద ప్లాస్టిక్ డబ్బాలు పెట్టాను, తీసేస్తాను. నాకేం కావాలో నువ్వు అడగొద్దు, నేను చెప్పను, చెబితే అది బలవంతం అవుతుంది. మన ఇంట్లో ఎవరూ ఒక్కసారి అడిగి వదిలెయ్యరు. నీకు చారు వడ్డించినా, స్వెటర్ కొన్నా, రెండు మూడు సార్లు సతాయించి నీ వద్దుని అవును చేసేదాకా నాకు నిద్రపట్టదు. ఈ ఒక్కదానికి పిలార్ గారి పద్ధతిలో అడుగుతున్నాను.

ఇంటికి వస్తావా?

వస్తానంటే ఎయిర్‌పోర్ట్‌కి వస్తాను. ఉంటానంటే ఆవకాయ పంపిస్తాను. నువ్వు మొదట ఏం చెబితే అదే. మళ్ళీ అడగను. ఎంత కష్టమైనా అడగను.

కుర్రాళ్ళు వచ్చేశారు, కౌంటర్ మీద తడుతున్నారు. ఉంటాను.

ఇట్లు,
ఒక్కసారి అడిగి నాలుక కరుచుకుని కూర్చున్న
మీ అమ్మ

తా.క. ఉత్తరం పంపేలోపు పిలార్ గారి మెసేజ్ వచ్చింది. లూపే చదివి పెట్టింది. "మూడుసార్లు ప్రాక్టీస్ చేస్తున్నాను" అట.

టికెట్ సంగతి మళ్ళీ అడగలేదు, చూశావు కదా. తిండికి మాత్రం ఆ రూలు లేదు. తిన్నావా? నిజంగా తిన్నావా? ఏం తిన్నావు?