పైకప్పు ప్రవర్తన

శ్రీరాంపూర్,
మంగళవారం

చిరంజీవి హర్షిణికి, బాపు దీవెనలు.

ఇక్కడ నేను, నాయినమ్మ బాగానే ఉన్నాం. ఆమె మోకాళ్ల గురించి అడిగావు. రోజూ నూనె రాస్తున్నాను. నా చేయి మొరటు అంటోంది. మీ హాస్టల్ ఫోన్ దగ్గర వెనక నిలబడ్డ పిల్లలు వింటారు కాబట్టి ఉత్తరమే రాస్తున్నాను.

మీ వార్డెన్ మమతారాణి మేడం నీ ప్రవర్తన మారిందన్నారని రాశావు. "నేనేం తప్పు చేయలే బాపు. ప్రవర్తనంటే మంచిగుండుడేనా?" అని అడిగావు. కాదు. మంచి, చెడు అనేవి ఆ మాటకు ముందు మనం తగిలించేవి. మీద బరువు పడినప్పుడు మనిషి గానీ, వస్తువు గానీ ఎట్లా ఉంటుందో అది ప్రవర్తన. మా బొగ్గుగనిలో పైకప్పుకూ ఆ మాటే వాడతాం. 'కప్పు ప్రవర్తన మారింది' అంటే దాన్ని తిట్టినట్టు కాదు, కింద ఉన్నవాళ్లు జాగ్రత్తపడాలని. మేడం కూడా అందుకే అని ఉంటారు. మీ అమ్మ పోయినప్పటి నుంచి నువ్వు అన్నం మధ్యలో వదిలి లేస్తున్నావని నాకూ చెప్పారు. భయమేసింది.

ఇంకో భయం ఉంది. నీకు చెప్పకూడదనుకున్నాను.

పోయిన గురువారం గనిలో పైకప్పును కర్రతో తట్టి చూశాను. గట్టి రాయైతే ఖంగుమంటుంది. ఆ రోజు డొల్లగా మోగింది. పొర విడిపోయిందన్నమాట. అందరినీ వెనక్కి పంపడం షిఫ్టు బాధ్యత చూసే ఓవర్‌మన్‌గా నా పని, పంపాను. నేను మాత్రం కదలలేదు.

"నడువుండ్రి సారూ," అన్నాడు మా జట్టులోని రాజం.

"మీరు పోండి, వస్తా."

"గట్ల చూస్తరేంది, పెండ్లిచూపులకు వచ్చినట్టు?" అని, అంతలోనే మీ అమ్మ గుర్తొచ్చి నాలుక కరుచుకున్నాడు. నా బెల్టు పట్టి లాగాడు. మలుపు తిరిగామో లేదో కప్పు కూలింది.

చావాలనుకోలేదు హర్షిణీ. కదలాలని తోచలేదు, అంతే. అదే నన్ను వణికిస్తోంది. అనుకుని చేసిందైతే మానుకోవచ్చు. ఇది నాకు తెలియకుండా జరిగింది. పైకి వచ్చాక "మంచిగనే ఉన్నరా సారూ?" అని రాజం అడిగితే "మంచిగనే ఉన్న" అన్నాను. మర్నాడు మళ్లీ దిగాను.

నిన్న మేనేజరుకు ఉన్నదున్నట్టు చెప్పాను. డాక్టరు సరేననేదాకా నన్ను కిందికి దింపరు. పైనే పని.

ఆదివారం కరీంనగర్ వస్తున్నాను. ఎట్లున్నావని అడుగుతాను. బాపు భయపడతాడని 'మంచిగున్న' అనకు. భయపడే వస్తున్నాను.

ఇట్లు,
నీ బాపు