చిలకల తొర్ర

కొలోన్, శనివారం రాత్రి

మా బిల్డింగ్ బాగోగులు చూసే హౌస్‌మైస్టర్ ఇవాళ చిలకల చెట్టుకు ఎర్ర గుర్తు వేశాడు. సోమవారం కొట్టించేస్తాడట! తొర్రలో ఆడచిలక గుడ్లు పొదుగుతోంది. మెడకు గులాబీ పట్టీ ఉన్న మగది మేత తెచ్చి నోటికందిస్తోంది.

కొట్టించొద్దంటే, "అవి బయటి దేశం పక్షులు," అన్నాడు.

"పుట్టింది ఈ ఊళ్లోనే, నీలాగే!" అని నా అరకొర జర్మన్‌లో అరిచాను.

మన దేశంలో, మా ఊళ్లో ఉన్న మోడు తాడి గుర్తొచ్చింది. "పిల్లలు ఎగిరేదాకా దాన్ని ముట్టుకోకండ్రా," అంటూ నాన్న గొడ్డలి దాచేసేవాడు. తెల్లారగానే పచ్చటి తలలు తొర్రలోంచి తొంగిచూసేవి. ఆ అరుపులతోనే నిద్ర లేచేవాళ్లం.

"చిలకల కోసం వీసా పోగొట్టుకుంటావేంట్రా?" అన్నాడు రూమ్మేట్ రవి, చెట్టుకు అడ్డం నిలబడతానంటే. నాకూ భయంగానే ఉంది. అయినా బిల్డింగ్ వాళ్ల వాట్సాప్ గ్రూపులో పెట్టేశాను: సోమవారం పొద్దున్న ఏడింటికి అందరూ చెట్టు కిందికి రండి.